క్యానుకు కులం లేదా? అడవి అంచున 'నీళ్ళు' కవిత

చల్లపల్లి స్వరూపరాణి 'నీళ్ళు' కవితను తలచుకోని దళిత సాహిత్య సభ అరుదు. అది ఇంగ్లీషులోకి వెళ్ళింది, సంకలనాల్లోకి చేరింది, యూనివర్సిటీ పాఠాల్లోకీ ఎక్కింది. అయితే దాని గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది బావి దగ్గర ఆగిపోతారు. లేదంటే మహద్ చెరువు దగ్గర, కారంచేడు చెరువు దగ్గర ఆగిపోతారు. కవిత అక్కడ ఆగలేదు. ఊరినీ వాడనీ దాటి, మంటనీ వరదనీ దాటి, బిస్లరీ సీసా దాకా, మినరల్ వాటరని కొత్త పేరు పెట్టుకుని బజారుకెక్కిన ఊరి నీళ్ళ దాకా వచ్చింది. మన విమర్శకులు ఈ చివరి భాగానికి 'ప్రపంచీకరణను కూడా స్పృశించారు' అని ఒక వాక్యం పడేసి చేతులు దులుపుకుంటారు. ఆ 'కూడా' అనే మాట దగ్గరే నాకు పేచీ. ఇవాళ ఈ కవితను చదవాల్సింది ఆ చివర నుంచి వెనక్కి.

ఎందుకంటే నేను దీన్ని చదువుతున్నది ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, మిరప చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట నిలబడి. ఇక్కడ ఇప్పుడు నీళ్ళ బావి దగ్గర గొడవల్లేవు. అసలు బావి దగ్గరికి పోయేవాళ్ళే లేరు. చాలా ఊళ్ళల్లో బావిని పూడ్చేశారు, లేదా చెత్తతో నింపారు. మరి నీళ్ళ కొట్లాట తీరిపోయినట్టేనా? తీరిందని ఊరి పెద్దలు అంటారు. మన వాళ్ళలో కూడా కొందరు అంటున్నారు. తీరలేదు, చోటు మారింది అని నేనంటాను. అది ఎక్కడికి మారిందో చూడ్డానికి ఈ కవిత ఎంత దూరం తోడొస్తుంది, ఎక్కడ చెయ్యి వదిలేస్తుంది అన్నదే ఈ వ్యాసం.

ముందు కవిత చేసిన పని చూద్దాం. తెలుగు కవిత్వంలో నీళ్ళంటే చాలా కాలం గంగ, గోదావరి, వాన, కన్నీరు. నదికి హారతి పట్టినవాళ్ళున్నారు, వానలో తడిసి మురిసినవాళ్ళున్నారు. తోడేది ఎవరు, పోసేది ఎవరు, దోసిలి పట్టేది ఎవరు అని అడిగినవాళ్ళు మాత్రం తక్కువ. స్వరూపరాణి నీళ్ళను అందమైన వస్తువుగా కాకుండా సాక్షిగా నిలబెట్టింది. సాక్షి అనేది కోర్టు మాట. నీళ్ళను బోనెక్కించి ఏం చూశావో చెప్పు అని అడిగినట్టు ఉంటుంది. సమరయ స్త్రీ, యూదుడైన యేసు వస్తారు. శూద్రుడొచ్చి పోసేదాకా ఖాళీ కుండతో కాచుకున్న పంచముడు వస్తాడు. మన లోపల మనకున్న ఉపకులాల తేడా కూడా వస్తుంది. దాన్ని దాచిపెట్టి అందరం ఒకటే అని నటించకపోవడం ఈ కవిత నిజాయితీ. అంబేడ్కర్ 1927 మార్చి 20న మహద్‌లో దిగిన చవదార్ చెరువు వస్తుంది. కారంచేడు సువార్తమ్మ వస్తుంది.

కారంచేడు సంగతి కొత్తగా చదువుతున్న విద్యార్థుల కోసం రెండు మాటలు. 1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లె జనం తాగే చెరువు దగ్గర కమ్మ యువకులు గేదె కుడితి బకెట్టు కడిగి నీళ్ళు పాడుచేస్తుంటే ఒక మాదిగ పిల్లవాడు వద్దన్నాడు. వాణ్ణి కొట్టబోతే నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తి అడ్డం నిలబడింది. మర్నాడు, జూలై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. దళిత మహాసభ ఆ నెత్తురులోంచి పుట్టింది. ఆ తర్వాత నాలుగేళ్ళకు, 1989లో వచ్చిన ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దళితులూ ఆదివాసులూ మామూలుగా వాడుకునే ఊటనో చెరువునో పాడుచేయడాన్ని నేరంగా రాసుకుంది. గమనించండి, కారంచేడులో తగాదా నీళ్ళు దొరకలేదని కాదు. చెరువు మాదిగపల్లెదే. ఆ చెరువులో నీళ్ళు శుభ్రంగా ఉండాలన్నందుకే చంపారు. అంటే నీటి నాణ్యత అనేది సైన్సు వాళ్ళ మాట కాకముందే మన మాట. ఫిల్టరు గురించి మాట్లాడేటప్పుడు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఇక మా వైపు సంగతి. ఇక్కడ ఇవాళ మూడు రకాల నీళ్ళున్నాయి. మొదటివి నల్లా నీళ్ళు. మిషన్ భగీరథ 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో మొదలైంది. పాలేరు, వైరా జలాశయాల నీళ్ళూ, గోదావరి నీళ్ళూ పటిక వేసి తేర్చి, ఇసుక వడపోత పోసి, క్లోరిన్ కలిపి గొట్టాల్లో పంపుతారు. 2019లో కేంద్రం ప్రకటించిన జల్ జీవన్ మిషన్ లెక్కల్లో తెలంగాణ పల్లెల్లో నూటికి నూరిళ్ళకు నల్లా ఉంది. కాగితం మీద కథ కంచికి వెళ్ళినట్టే.

రెండోవి క్యాను నీళ్ళు. ఊరికి ఒకటో రెండో వాటర్ ప్లాంట్లు. ఒక బోరు, ఒక షెడ్డు, ఆర్.ఓ. యంత్రం, ఇరవై లీటర్ల క్యాన్లు, ఒక ట్రాలీ ఆటో. ప్లాంటు దగ్గర పట్టుకుంటే ఐదు రూపాయలు, ఇంటికి తెచ్చి వేస్తే పది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. జనం వీటిని మినరల్ నీళ్ళంటారు. నిజానికి ఆర్.ఓ. యంత్రం చేసేది నీళ్ళలోంచి మినరల్స్ తీసెయ్యడమే. తీసేసినదాని పేరే పెట్టుకుని అమ్ముకునే సరుకు ఇదొక్కటేనేమో.

మూడోవి చెలమ నీళ్ళు. లోపలి గూడేల్లో, ముఖ్యంగా 2005 తర్వాత సల్వాజుడుం హింసకు తట్టుకోలేక ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో తలదాచుకున్న గుత్తికోయల గుంపుల్లో, వాగు ఇసుకలో గుంట తవ్వి, ఊరిందాకా కూచుని, డొప్పతోనో చెంబుతోనో తోడుకునే నీళ్ళు. జల్ జీవన్ లెక్కకు ఈ గుంపులు ఊళ్ళు కావు. కాబట్టి నూటికి నూరు అనే అంకె అబద్ధం కాదు. వీళ్ళను మనుషుల లెక్కలోంచి తీసేస్తే అది నిజమే.

ఒకే ఇంట్లోనూ ఈ తరతమాలున్నాయి. వచ్చిన చుట్టానికి క్యాను నీళ్ళు. అంట్లకూ, స్నానాలకూ, బర్రెకూ నల్లా నీళ్ళు. నదిని మోటార్లతో ఎత్తి, కొండల మీద ట్యాంకులు కట్టి, క్లోరిన్ వేసి, అంత ఖర్చుతో ఇంటి ముందుకు తెచ్చిన నీళ్ళకు మా ఊళ్ళో పడిన పేరు 'వాడుక నీళ్ళు'. ఎందుకు తాగరు అంటే మందు వాసన అంటారు. గొట్టం పగిలి ఒకనాడు బురద వచ్చింది, ఆ ఒక్కనాటితో నమ్మకం పోయింది అంటారు. రెండు రోజులకోసారి వస్తాయి, తొట్టిలో నిలవ పెడితే పురుగు పడతది అంటారు. గొట్టానికి నేరుగా మోటారు బిగించి గుంజుకునే ఇళ్ళు ఊళ్ళో ఉంటే, గొట్టం చివర ఉన్న వాడలో నల్లా గాలి ఊదుతుంది. ఇవన్నీ నిజాలే. తీర్చలేని నిజాలు మాత్రం కావు.

వాసన సంగతి చెప్పాలి. క్లోరిన్ వాసన ఉందంటే గొట్టంలో వచ్చిన క్రిములను చంపే మందు ఇంకా మిగిలి ఉందని అర్థం. చివరి ఇంటి నల్లాలో కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 చెబుతుంది. క్యాను నీళ్ళలో వాసన లేదంటే ఆ కాపలాదారు లేడని కూడా కావచ్చు. యంత్రంలోంచి వచ్చేటప్పుడు నీళ్ళు శుభ్రంగానే ఉంటాయి. తర్వాత అవి పోసే క్యాను ఎన్నిసార్లు తోమారు, ఎండలో ఆటో మీద ఎంతసేపు తిరిగింది, ఇంట్లో ఎన్ని రోజులుంది అనేది అడిగేవాడు లేడు. సీలు వేసి అమ్మే సీసా నీళ్ళకు ఒక ప్రమాణం ఉంది, ఐ.ఎస్. 14543. ప్లాంటు ముందు గొట్టం పెట్టి పట్టి ఇచ్చే నీళ్ళకు ఆ ముద్ర అడిగినోడు లేడు, చూపినోడు లేడు. ఆర్.ఓ. యంత్రం తాగే నీళ్ళతోపాటు, తరచుగా అంతకంటే ఎక్కువ, ఉప్పు నీళ్ళను మురికి కాలవలోకి వదులుతుంది. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్న చోట ఆర్.ఓ. అక్కర్లేదు, నిషేధించండి అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. నది నీళ్ళలో లవణాలు మామూలుగా తక్కువే. నల్గొండ లాంటి ఫ్లోరైడ్ నేలల మాట వేరు, అక్కడ వడపోత ప్రాణావసరం. నల్గొండ పేరు మీదే పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. అది బకెట్టులో చేసుకునే పని. బకెట్టులో చేసుకునే పనికి వ్యాపారం లేదు కాబట్టి ఇవాళ దాని పేరు ఎత్తేవాళ్ళు కనపడరు.

ఇంత చెప్పినా వాడలో క్యాను మానరు. ఎందుకు మానరో వినకుండా వాళ్ళకు అవగాహన లేదని రాసేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, మనలో కూడా. మా పెద్దమ్మను అడిగితే ఆమె చెప్పిన మాట ఇది: "కొడకా, ప్లాంటు కాడ వాడు పైసలు సూస్తడు, కులం సూడడు. బాయి కాడ పైసలు ఇస్తమన్నా పోసేటోళ్ళు కాదు." ఈ మాటలో ఒక తరం అవమానం ఉంది. దాని పక్కన ఒక లెక్క కూడా ఉంది. రోజుకొక క్యాను పది రూపాయల చొప్పున నెలకు మూడు వందలు, ఏడాదికి మూడు వేల ఆరువందలు. కూలి మనిషికి అది పెద్ద సొమ్మే. కానీ పిల్లకు వాంతులు విరేచనాలు పట్టుకుని భద్రాచలమో కొత్తగూడెమో తీసుకుపోతే రెండు రోజుల కూలి, బస్సు, మందులు. ఆమె క్యాను కొంటున్నది షోకుకు కాదు, సర్కారు మీద పెట్టుకోలేని నమ్మకాన్ని పది రూపాయలకు కొనుక్కుంటున్నది.

ఇక్కడ ప్రేమ్‌చంద్ 1932లో రాసిన 'ఠాకూర్ బావి' కథ గుర్తొస్తుంది. జోఖూ జబ్బుతో ఉన్నాడు, తమ బావి నీళ్ళు కంపు కొడుతున్నాయి, గంగి రాత్రివేళ ఠాకూర్ బావికి దొంగతనంగా వెళ్తుంది. అలికిడికి బెదిరి బిందె వదిలేసి పారిపోయి ఇంటికొచ్చేసరికి జోఖూ ఆ కంపు నీళ్ళే తాగుతుంటాడు. ఈ కథలో మనం గమనించని చిన్న చోటు ఒకటుంది. నీళ్ళు మరగబెడితే దోషం పోతుందని గంగికి తెలియదు అని రచయిత చెప్తాడు. ప్రేమ్‌చంద్ మీద గౌరవంతోనే అంటున్నాను, ఆ వాక్యం బయటివాడి వాక్యం. రోజూ మరగబెట్టడానికి కట్టెలెక్కడివి, వేరే గిన్నె ఎక్కడిది అని గంగి అడగదు, రచయిత అడగనివ్వడు. ఈనాటి 'నల్లా నీళ్ళు కాచి తాగండి, క్యాను దండగ' అనే సలహాకూ ఆ వాక్యానికీ చుట్టరికం ఉంది. గంగికి కావలసింది మంచి నీళ్ళు. ఆ మంచి నీళ్ళు ఎదుటివాడి బావిలో కాకుండా డబ్బాలో దొరికితే ఆమె ఎందుకు కొనదు?

అయితే పెద్దమ్మ మాటను గౌరవించడం వేరు, అక్కడే ఆగిపోవడం వేరు. క్యాను నిజంగా కులం చూడదా? మా వైపు ట్రాలీ ఆటో మీద క్యాన్లు వేసే పిల్లలు చాలామంది మన వాడల పిల్లలే. వాళ్ళు భుజాన మోసిన నీళ్ళు ఊరంతా తాగుతుంది. ఇరవై ఏళ్ళ కింద ఆ పిల్లగాడి చెయ్యి తగిలిన కుండను పగలగొట్టిన ఇల్లు ఇవాళ అతను తెచ్చిన క్యానుకు డబ్బులిస్తుంది. మార్పు రాలేదని నేననను. కానీ చూడండి, అతను క్యాను అరుగు మీద దించుతాడు. లోపలికి ఎత్తుకుపోయి స్టాండు మీద బోర్లించేది ఆ ఇంటివాళ్ళే. అంటు మూత దగ్గర ఆగిపోయింది. బిందెకు లేని వెసులుబాటు ప్లాస్టిక్‌కు ఉంది: ముట్టుకున్నా ముట్టుకోనట్టే. అదే పిల్లగాడు ఎండలో అలిసి ఒక గ్లాసెడు నీళ్ళడిగితే ఏ గ్లాసులో ఇస్తారు? చాలాచోట్ల ఇప్పుడు ఆ ఇబ్బంది కూడా లేదు, తాగి పారేసే గ్లాసులొచ్చాయి. రెండు గ్లాసుల పద్ధతి మీద కేసు పెట్టొచ్చు. అందరికీ పారేసే గ్లాసే అయినప్పుడు దేనిమీద పెడతాం?

కవిత చివర సీసా గురించి చెప్పిన సంగతి ఇదే అని నాకనిపిస్తుంది. సీసాలో చేరిన నీళ్ళు ఏమీ ఎరగనట్టు ఉంటాయి. సాక్షి అక్కడే ఉంది, కానీ నోరు కట్టేశారు.

ఇక్కడినుంచి రాజ్యాంగంలోకి పోదాం. పదిహేనో అధికరణం రెండో క్లాజు మనం వందసార్లు చదివిందే. అందులో రెండు భాగాలున్నాయి. (ఎ)లో దుకాణాలు, హోటళ్ళు, వినోదశాలలు. వీటిలోకి ప్రవేశం ఆపకూడదు. (బి)లో బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు. ప్రభుత్వ సొమ్ముతో నడిచేవి లేదా ప్రజలందరికోసం వదిలినవి అయితే వీటి వాడకాన్ని ఆపకూడదు. దుకాణాన్నీ బావినీ వేరువేరు వరసల్లో పెట్టారు. దుకాణంలోకి పోవడం హక్కు, సరుకు హక్కు కాదు, దానికి పైసలు కావాలి. బావి నీళ్ళు వాడుకోవడమే హక్కు. మా ఊళ్ళో ఈ ఇరవై ఏళ్ళలో జరిగింది ఇదే: తాగే నీళ్ళు (బి)లోంచి లేచి (ఎ)లోకి పోయాయి. ఒక్క చట్టం మారలేదు, ఒక్క సవరణ రాలేదు, ఎవరూ ధర్నా చెయ్యలేదు. కులం అడ్డం పెట్టి నీళ్ళు ఆపితే కేసు అవుతుంది. పది రూపాయలు లేవని ఆపితే బేరం అవుతుంది.

ఇందులో కొత్త ఎత్తు కూడా ఏమీ లేదు. మహద్‌లో సవర్ణులు కోర్టుకెక్కినప్పుడు వాళ్ళ వాదన ఏమిటి? చవదార్ చెరువు ప్రభుత్వానిది కాదు, మా సొంతం అన్నారు. పదేళ్ళు నడిచి 1937లో బొంబాయి హైకోర్టులో ఆ వాదన ఓడిపోయింది. బావి సొంతం అని చెప్పి ఆపడం ఆనాడు ఓడిపోయిన వాదన. బోరు సొంతం, షెడ్డు సొంతం, ప్లాంటు సొంతం అని చెప్పి అమ్ముకోవడం ఈనాడు ఎవరూ ప్రశ్నించని వ్యవహారం. అంబేడ్కర్ మహద్‌కు పోయింది దాహం తీర్చుకోవడానికి కాదు, అందరితో సమానంగా ఒకే నీటి దగ్గర నిలబడడానికి. ఆ తర్వాత సంస్కర్తలూ సర్కార్లూ చేసిందేమిటి? హరిజనులకు వేరే బావి తవ్వించారు. తర్వాత వాడలో వేరే బోరింగు దింపారు. తర్వాత ఇంటింటికీ నల్లా అన్నారు. ఇప్పుడు ఇంటింటికీ క్యాను. ప్రతి మెట్టు మీదా నీళ్ళు దగ్గరయ్యాయి, మనుషులు కలిసే చోటు ఒకటి తగ్గింది. బావి దగ్గరి కొట్లాటను ఎవరూ తీర్చలేదు, బావినే తీసేశారు. నల్లాకూ క్యానుకూ ఒక తేడా మాత్రం ఉంది. నల్లాలు వేరైనా పైన ట్యాంకు ఒకటే. ట్యాంకులో నీళ్ళు చెడితే సర్పంచు ఇంట్లోనూ చెడతాయి, కాబట్టి బాగుచెయ్యాల్సి వస్తుంది. సర్పంచు ఇంటికి, టీచరు ఇంటికి, కార్యదర్శి ఇంటికి క్యాను వచ్చినరోజే ట్యాంకు కడిగే పని ఆగింది. వాడలో క్యాను కొనడం వల్ల నల్లా పాడవలేదు, ఊళ్ళో కొన్నందువల్ల పాడైంది. నీళ్ళ నాణ్యత మీద గొంతెత్తగలవాళ్ళు పదేసి రూపాయలిచ్చి ముందే పక్కకు తప్పుకున్నారు.

పర్యావరణవాదులు చెప్పే మాట ఇక్కడ చూడాలి. సీసా కొనకండి, నల్లా తాగండి, మళ్ళీ మళ్ళీ వాడుకునే సొంత సీసా పట్టుకెళ్ళండి అంటారు. మాట మంచిదే. ఒక లీటరు సీసా ఇరవై రూపాయలు, ఇంటికొచ్చే క్యానులో లీటరు అర్ధరూపాయి, అంటే నలభై రెట్లు. ఆ సీసా ఖాళీ అయ్యాక పర్ణశాల దారిలో పడి ఉంటుంది. గోదావరిలోకి పోతుంది. కానీ సొంత సీసా అనే ఆలోచన కొత్తదీ కాదు, అమాయకమైందీ కాదు. పూర్వం ప్రయాణానికి పోయే అగ్రవర్ణాల చేతిలో మరచెంబు ఉండేది. బిగుతుగా మర తిప్పిన మూత. దారిలో ఎవరి చేతి నీళ్ళూ తాగకుండా మడి కాపాడే పాత్ర అది. అడవిలో కోయవాళ్ళ భుజాన ఎండిన సొరకాయ బుర్ర ఉండేది. అందులో నీళ్ళు చల్లగా ఉంటాయి, దారిలో ఎదురైనవాడికి కూడా పోస్తారు. రెండూ మళ్ళీ మళ్ళీ వాడేవే. ఒకటి నీళ్ళను మనుషులనుంచి కాపాడింది, ఇంకొకటి మనుషులకు మోసింది. ఇవాళ్టి స్టీలు సీసా ఈ రెండింటిలో దేనికి వారసురాలు అనేది దాన్ని పట్టుకున్న చెయ్యి చెప్పాలి.

ఇక మిరప ఏరే కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి మా చేలకు వచ్చే ఆదివాసీ కూలీలను చూడండి. ఎవరో తాగి పారేసిన రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాకు గోనెగుడ్డ చుట్టి, తడిపి, గట్టు మీద నీడన పెట్టుకుంటారు. సాయంత్రం దాకా చల్లగా ఉంటాయి. ఆ సీసాను సీజనంతా వాడతారు. ప్లాస్టిక్ మళ్ళీ వాడండి అని వాళ్ళకు పాఠం చెప్పే అర్హత ఎవరికుంది? ఆ సీసాలో నింపుకోవడానికి నీళ్ళెక్కడ అన్నదే వాళ్ళ ప్రశ్న. చేను బోరు దగ్గర నింపుకుంటారు, లేకపోతే కాలవలో. ఇంకో మాట కూడా అనాల్సిందే, ఎవరికి కోపమొచ్చినా సరే. వాడ పక్కనే గుడిసెలేసుకున్న ఈ కూలీలు మన బోరింగు దగ్గరికొస్తే 'మీరు తర్వాత పట్టుకోండి' అనే గొంతులు మన వాడలోనూ వినిపిస్తున్నాయి. ఉపకులాల తేడాను దాచని కవితను మెచ్చుకున్నవాళ్ళం, ఈ వరసను దాచిపెట్టుకోకూడదు.

కవిత చెయ్యి వదిలేసే చోటు కూడా ఇదే. దాని భూగోళం ఊరు, వాడ. కాలవల నేలలో అది సరిపోతుంది. అడవి అంచున మూడోది ఉంది, గూడెం. గూడెంలో ప్రశ్న బావిని ముట్టుకోవచ్చా అన్నది కాదు, నువ్వు ఇక్కడ ఉన్నట్టు సర్కారు ఒప్పుకుంటుందా అన్నది. ఇంకో లోటు శత్రువు విషయంలో. కవిత దూరాన ఉన్న బహుళజాతి బజారును చూసింది. అది నిజమే, కానీ మా ఊళ్ళో నీళ్ళమ్మేది బహుళజాతి కంపెనీ కాదు. మా ఊరివాడే. బోరున్న పొలం ఎవరిదో, కరెంటు మీటరు ఎవరి పేరుందో చూస్తే పాత బావి యజమాని కొడుకో మనవడో తేలతాడు. ఏజెన్సీలో అయితే ఇంకో ముడి ఉంది. 1/70 రెగ్యులేషన్ ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. 1997లో సమతా తీర్పు ఆ మాటను ఇంకా గట్టిగా చెప్పింది. 1996 పీసా చట్టం అక్కడి చిన్న నీటి వనరుల ప్రణాళికనూ నిర్వహణనూ పంచాయతీలకు అప్పగించమంది. భూమి గురించి ఇంత చట్టం ఉన్న చోట ఆ భూమి కడుపులోని నీళ్ళను తోడి గిరిజనులకే అమ్ముతుంటే, ఆ బోరు ఏ పట్టాలో ఉంది అని అడిగిన గ్రామసభ నాకు తారసపడలేదు. బిస్లరీ మీద కవిత రాయడం కన్నా పక్కింటి ప్లాంటు మీద రాయడం కష్టం. రేపు పొద్దున అక్కడికే క్యాను పట్టుకుని పోవాలి గదా.

సీసాను పూర్తిగా తిట్టిపోయడానికీ నాకు మనసొప్పదు. గోదావరి 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు ఎక్కింది. 1986 ఆగస్టులో 75.6 అడుగుల తర్వాత అంత ఎత్తు అదే. ఊళ్ళ చుట్టూ నీళ్ళే ఉన్నప్పుడు బోరింగులు మునుగుతాయి, నల్లాల్లోకి బురద దూరుతుంది, తాగడానికి చుక్క ఉండదు. అప్పుడు ట్రాక్టర్ల మీద, పడవల మీద వచ్చే నీళ్ళ ప్యాకెట్లే ప్రాణం. కవితలో నీళ్ళు రాష్ట్రానికీ రాష్ట్రానికీ మధ్య కూడా మండుతాయి. 2014లో పోలవరం కోసం ఖమ్మం జిల్లా ఏడు మండలాల భాగాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాక భద్రాచలం పట్నం ఇటు, ఆనుకుని ఉన్న ఎటపాక అటు అయ్యాయి. ఒకే వరద, రెండు సర్కార్లు. ప్యాకెట్ల బండి ఏ గీత దగ్గర ఆగాలో వరదకు తెలియదు, బండి నడిపేవాడికి తెలుసు. రోడ్డుకు దగ్గరున్న ఊళ్ళకు మొదట, లోపలి గూడేలకు చివర. అత్యవసరంలో సీసా ఔషధం. ఏడాది పొడుగునా అదే తాగిస్తున్నారంటే జబ్బు నయం చేసే ఉద్దేశం లేదని.

కార్యకర్తలకు పనికొచ్చే ఒక సంగతి మిగిలింది. రిజర్వు అడవిలో గొట్టం వెయ్యకూడదు, బోరు వెయ్యకూడదు అని అటవీ శాఖ ఆపినప్పుడు చాలా చోట్ల మనవాళ్ళు వెనక్కి వచ్చేస్తున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ రెండో ఉపవిభాగాన్ని తీసి చూడండి. సర్కారు నడిపే సౌకర్యాలకు, ఒక్కోదానికి హెక్టారు లోపు, హెక్టారుకు 75 చెట్లు మించి కొట్టకుండా అడవి భూమి ఇవ్వొచ్చని ఉంది. ఆ జాబితాలో తాగునీటి సరఫరా, నీటి గొట్టాలు పేరు పెట్టి రాసి ఉన్నాయి. కావలసింది గ్రామసభ సిఫారసు. పోడు పట్టా ఉందా, ఎస్టీ సర్టిఫికెట్ ఉందా, ఎక్కణ్ణుంచి వచ్చారు అని గుత్తికోయలను అడిగే ప్రశ్నలు ఆ ఉపవిభాగంలో లేవు. కాకపోతే ఆ సిఫారసు చెయ్యాల్సిన గ్రామసభలో చెయ్యెత్తాల్సింది పాత గూడెంవాళ్ళు, వాడవాళ్ళు, అంటే ఇప్పటికే నల్లా ఉన్నవాళ్ళు. ఈ ఎండాకాలం చెలమలు ఎండకముందే ఆ తీర్మానం కాగితం తయారుచేసుకుని పోతే, చేతులు ఎన్ని లేస్తాయో అక్కడే చూడొచ్చు.